యూనిట్ – 9: పూటకూళ్ల ఇంటి నుంచి టిఫిన్ బండి దాకా – కృష్ణా డెల్టాలో చిన్న ఊరు, నగరం, బయటి తిండి

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:

– హోటళ్లు రాకముందు ప్రయాణికులు ఎక్కడ, ఎవరి దగ్గర భోజనం చేసేవారో వివరించగలుగుతారు;
– ఆనకట్ట, కాలువలు, రైలు మార్గాలు బెజవాడను నగరంగా ఎలా మార్చాయో తెలుసుకుంటారు;
– బయట తినే చోట కులం, స్త్రీ పురుష భేదం ఎలా పనిచేశాయో గుర్తించగలుగుతారు;
– చిన్న ఊరి జీవితాన్ని, నగర జీవితాన్ని చారిత్రక ఆధారాలతో పోల్చి చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

గత యూనిట్‌లలో మీరు రాజవంశాలు, భూమిశిస్తు విధానాలు, ఉద్యమాల గురించి చదివారు. ఈ యూనిట్‌లో మనం చూడబోయే విషయం పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది: ఇంటి బయట, డబ్బిచ్చి, ముక్కూ మొహం తెలియనివారి పక్కన కూర్చుని తినడం. బస్టాండు దగ్గర ఇడ్లీ తినేటప్పుడు మన పక్కన ఎవరున్నారో మనం పట్టించుకోం. ఇలా పట్టించుకోకుండా ఉండగలగడం మన సమాజంలో చాలా కొత్త విషయం. దాని వెనుక నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

ఈ చరిత్రను తెలుసుకోవడానికి మనం కృష్ణా డెల్టాను ఎంచుకుందాం. ఒక చివర విజయవాడ నగరం, మరో చివర మచిలీపట్నం రేవు, మధ్యలో ఉయ్యూరు, పామర్రు వంటి చిన్న పట్టణాలు ఉన్నాయి. పామర్రు నుంచి చల్లపల్లి వెళ్లే దారిలో, మొవ్వ మండలంలో కూచిపూడి ఉంది. విజయవాడ నుంచి 50 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ప్రపంచమంతటా పేరున్న నాట్యానికి పుట్టినిల్లయినా కూచిపూడి ఇప్పటికీ గ్రామపంచాయతీయే. ఊరి పేరు నగరాలకు వెళ్లింది, ఊరు మాత్రం ఊరుగానే మిగిలింది. చిన్న ఊరికీ నగరానికీ ఉన్న సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి ఇది అనువైన ఉదాహరణ.

9.2 హోటల్ రాకముందు: ఆతిథ్యం, సత్రం, పూటకూళ్ల ఇల్లు

పూర్వం ప్రయాణికుడికి అన్నం దొరికే మార్గాలు ప్రధానంగా మూడు. మొదటిది బంధువుల ఇల్లు లేదా సొంత కులస్థుల ఇల్లు. రెండోది సత్రం. రాజులు, జమీందార్లు, వర్తకులు పుణ్యం కోసం సత్రాలు కట్టించి మాన్యాలు రాసిచ్చేవారు. ఎవరికి వండిన అన్నం పెట్టాలి, ఎవరికి స్వయంపాకం ఇవ్వాలి, ఎవరిని లోపలికి రానివ్వకూడదు అన్నది చాలా చోట్ల కులాన్ని బట్టి ఉండేది. మూడోది పూటకూళ్ల ఇల్లు. ఇక్కడ డబ్బిచ్చి భోజనం చేయవచ్చు.

పూటకూళ్ల ఇల్లు కొత్తది కాదు. వినుకొండ వల్లభరాయుడు రచించినదిగా చెప్పే క్రీడాభిరామంలో ఇద్దరు మిత్రులు ఓరుగల్లు నగరమంతా తిరుగుతారు. ఆ క్రమంలో ఒక రూకకు దొరికే పూటకూటి భోజనం ప్రస్తావన వస్తుంది. అంటే కాకతీయుల రాజధాని వంటి పెద్ద నగరంలో డబ్బుకు భోజనం దొరికేదన్న జ్ఞాపకం మన సాహిత్యంలో ఉంది. గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. అందులో పూటకూళ్లమ్మ ఒక ముఖ్యపాత్ర. మరో ఆదాయం లేని స్త్రీలకు, ముఖ్యంగా వితంతువులకు, వంట చేసి పెట్టడం బతుకుతెరువుగా ఉండేది. సమాజం ఆ వంట తిన్నది, ఆ మనిషిని మాత్రం చిన్నచూపు చూసింది. ఈ రెండూ ఒకేసారి జరిగాయన్న సంగతిని మీరు గుర్తుంచుకోవాలి.

ప్రయాణాలు ఎంత కష్టంగా ఉండేవో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర చెబుతుంది. ఆయన 1830 మే నెలలో మద్రాసు నుంచి పరివారంతో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. 1838లో అచ్చయిన ఆ గ్రంథంలో మజిలీ మజిలీకీ నీళ్ల వసతి, దిగడానికి చోటు, అంగళ్లలో దొరికే వస్తువులు నమోదై ఉన్నాయి. కలిగినవారు వంట సామాను, వంటమనిషిని వెంట తీసుకువెళ్లేవారు. లేనివారు మూట కట్టుకున్న అటుకులతో, పేలపిండితో సరిపెట్టుకునేవారు.

కూచిపూడి భాగవతులు ఇటువంటి ప్రయాణికులే. మేళాలుగా ఏర్పడి, బళ్ల మీద సామాను వేసుకుని ఊరూరా తిరిగి ప్రదర్శనలు ఇచ్చేవారు. ఆదరించిన గ్రామమే వారికి వసతి, భోజనం చూసేది. ఆటకు ప్రతిఫలంలో అన్నం కూడా ఒక భాగం. ఇక్కడ డబ్బు కంటే పరిచయం, కులం, ఆదరణ ముఖ్యమైనవి. ఊరు ఆదరించకపోతే ఆ పూట ఆటా లేదు, అన్నమూ లేదు.

9.3 ఆనకట్ట, కాలువలు, రైలు: ఒక నగరం పుట్టుక

కృష్ణా డెల్టాను ఇప్పుడు అన్నపూర్ణ అంటాం. కానీ 1832–33లో గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టిన నందన కరువును మరచిపోకూడదు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ తరువాత నీటిపారుదల అవసరాన్ని కంపెనీ ప్రభుత్వం గుర్తించింది. ఆర్థర్ కాటన్ గోదావరిపై ఆనకట్ట నిర్మించగా, కృష్ణపై బెజవాడ వద్ద 1852లో పని మొదలై 1855లో ఆనకట్ట పూర్తయింది. కాలువలు పొలాలకు నీళ్లివ్వడంతో పాటు పడవలకు దారులయ్యాయి. బందరు కాలువ, ఏలూరు కాలువల మీద ధాన్యం, మనుషులు ప్రయాణించారు. ఆనకట్టకు 1952లో గండి పడింది. దానికి బదులుగా 1954లో ప్రారంభించిన బ్యారేజీ 1957లో పూర్తయి ప్రకాశం పేరుతో నిలిచింది.

రైలు వచ్చాక మార్పు ఇంకా వేగంగా జరిగింది. 1880ల చివరికి పడమటి నుంచి ఒక మార్గం, 1889లో నిజాం రాజ్యం నుంచి మరో మార్గం బెజవాడకు చేరాయి. 1893లో కృష్ణపై రైలు వంతెన వచ్చింది. 1899లో మద్రాసుతో అనుసంధానం జరిగింది. బెజవాడ పెద్ద జంక్షన్ అయింది.

ఇప్పుడు రెండు అంకెలను చూడండి. 1901 జనాభా లెక్కల ప్రకారం మచిలీపట్నంలో 39,507 మంది ఉన్నారు. బెజవాడలో ఉన్నది 24,224 మంది. అప్పటికి రేవు పట్టణమే పెద్దది. 1611లో ఇంగ్లీషువారు వర్తక కేంద్రం పెట్టిన ఊరు అది. 1864 తుపాను దాన్ని దెబ్బతీసినా జిల్లా కేంద్రంగా నిలబడింది. 2011 నాటికి విజయవాడ జనాభా 10 లక్షలు దాటింది. మచిలీపట్నం సుమారు 1.7 లక్షల దగ్గర ఉంది. ఓడ నుంచి రైలుకు వర్తకం మారినప్పుడు జనం కూడా మారారని ఈ అంకెలు చెబుతున్నాయి.

జంక్షన్ అంటే బండి మారే చోటు. బండి మారాలంటే వేచి ఉండాలి. వేచి ఉన్న మనిషికి ఆకలి వేస్తుంది. అతనికి ఆ ఊళ్లో బంధువులు ఉండకపోవచ్చు. సత్రంలో చోటు దొరకకపోవచ్చు. చేతిలో కొంత డబ్బు మాత్రం ఉంటుంది. హోటల్ ఈ పరిస్థితిలోంచి పుట్టింది. 1888లో పురపాలక సంఘమైన బెజవాడ 1981లో నగరపాలక సంస్థ అయింది. ఆ మధ్యకాలంలో స్టేషన్, కాలువగట్లు, బస్టాండు చుట్టూ హోటళ్లు, మెస్‌లు, బళ్లు పెరిగాయి. ఇడ్లీకి పేరుపడిన గాంధీనగరంలోని బాబాయ్ హోటల్ 1940ల నాటిది.

నగరంలో హోటల్ నడవాలంటే పల్లె నుంచి పాలు, కూరగాయలు, అరిటాకులు రావాలి. పామర్రు సమీపంలోని నిమ్మకూరులో 1923లో పుట్టిన నందమూరి తారక రామారావు, చదువుకునే రోజుల్లో విజయవాడ హోటళ్లకు పాలు పోసి కుటుంబానికి సాయపడ్డారని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. తరువాతి కాలంలో ముఖ్యమంత్రిగా 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం ప్రారంభించింది ఆయనే. ఊరి పాడికీ, నగరపు కాఫీ గ్లాసుకూ ఉన్న సంబంధానికి ఇది ఒక ఉదాహరణ.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

1. పూటకూళ్ల ఇంటికీ సత్రానికీ ఉన్న తేడా ఏమిటి?
2. 1901, 2011 జనాభా లెక్కల్లో మచిలీపట్నం, విజయవాడల స్థానాలు ఎందుకు తారుమారయ్యాయి?

9.4 కాఫీ హోటల్: కొత్త చోటు, పాత గీతలు

కాఫీ హోటల్ ఆధునిక స్థలం అనుకుంటాం. కాని అది ఒక్కరోజులో అందరిదీ కాలేదు. మద్రాసు రాష్ట్రంలో చాలా హోటళ్ల బోర్డుల మీద ‘బ్రాహ్మణ’ అనే మాట ఉండేది. వంట చేసేవారు ఎవరో తెలియజేయడం దాని ఒక ఉద్దేశం. లోపల ఎవరు ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించడం మరో ఉద్దేశం. రైల్వే స్టేషన్లలో హిందువులకు, ముస్లింలకు వేర్వేరుగా ఫలహారశాలలు, మంచినీళ్లు ఉండేవి. రైలు పెట్టెలో పక్క పక్కన కూర్చున్నవారు ప్లాట్‌ఫారం మీదికి దిగగానే విడిపోయేవారు. 1957లో కూడా మద్రాసులో ఒక హోటల్ బోర్డు మీద ‘బ్రాహ్మణ’ పదం తొలగించాలని పెరియార్ ఉద్యమం నడపవలసి వచ్చింది.

పల్లెల్లో పరిస్థితి మరింత కఠినం. టీ కొట్టులో దళితులకు వేరే గ్లాసు ఉంచడం, తాగిన గ్లాసును వారితోనే కడిగించడం, బల్ల మీద కాక బయట నేల మీద కూర్చోబెట్టడం వంటి ఆచారాలను మనం ‘రెండు గ్లాసుల పద్ధతి’ అంటున్నాం. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్లు, బావులు వంటి చోట్ల ప్రవేశానికి కులం అడ్డు కారాదని స్పష్టంగా చెప్పింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. తరువాత దాన్నే పౌరహక్కుల రక్షణ చట్టంగా సవరించారు. రాజ్యాంగ నిర్మాతలు ప్రాథమిక హక్కుల భాగంలో హోటల్ పేరెత్తారంటే, అక్కడ జరిగే అవమానం ఎంత సాధారణమైనదో మీరు ఊహించవచ్చు.

డాక్టర్ అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, గ్రామాన్ని భారత రాజ్యవ్యవస్థకు పునాదిగా చూపే వాదాన్ని తీవ్రంగా విమర్శించారు. గ్రామంలో సామరస్యం ఉందని చెప్పేవారు ఆ సామరస్యం ఎవరికి ఉందో అడగలేదన్నది ఆ విమర్శలోని సారం. గాంధీజీ గ్రామ స్వరాజ్య భావన దీనికి భిన్నమైనది. చిన్న ఊరిని, నగరాన్ని పోల్చేటప్పుడు ఈ రెండు దృక్పథాలనూ ఎదురెదురుగా పెట్టుకోవాలి.

చట్టం వచ్చినంత మాత్రాన ఊరు మారలేదు. 1991 ఆగస్టు 6న కృష్ణా డెల్టా పశ్చిమ భాగంలోని చుండూరులో ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. దానికి ముందు ఊళ్లో రేగిన ఉద్రిక్తత సినిమా హాలులో కాలు తగిలిన గొడవతో మొదలైంది. సినిమా హాలు, టీ కొట్టు, బస్సు అందరూ డబ్బిచ్చి వచ్చే చోట్లు. పాత హోదాలకు, కొత్త హక్కులకు మధ్య ఘర్షణ మొదట బయటపడేది ఇటువంటి చోట్లలోనే.

స్త్రీల విషయం కూడా గమనించండి. వండి అమ్మే పనిలో స్త్రీలు మొదటి నుంచీ ఉన్నారు. కూర్చుని తినేవారిలో మాత్రం చాలాకాలం కనిపించలేదు. పట్టణపు హోటళ్లలో ‘ఫ్యామిలీ రూములు’ విడిగా పెట్టడానికి కారణం ఇదే. భర్తతోనో పిల్లలతోనో వచ్చిన స్త్రీ తెర వెనక కూర్చోవచ్చు. ఒంటరిగా వచ్చిన స్త్రీ హాలులో కూర్చుని కాఫీ తాగడం అరుదు. కాలేజీలు, హాస్టళ్లు, ఆఫీసు ఉద్యోగాలు పెరిగిన తరువాతే అది మామూలు విషయమైంది.

9.5 పొలం నుంచి పెనం మీదికి

డెల్టాలో రైతు, కూలీ పొద్దున తినేది చద్దన్నం. రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగో గంజో పోసుకుని, ఉల్లిపాయో పచ్చడో నంజుకుని పొలానికి వెళ్లేవారు. ‘టిఫిన్’ అనే మాటా, ఆ అలవాటూ పట్టణం నుంచి ఊరికి వచ్చాయి. కాఫీ ప్రచారానికి 1935లో కాఫీ సెస్సు చట్టం కింద ఒక సంఘం ఏర్పడింది. టీ కంపెనీలు అంతకు ముందు నుంచే రైల్వే స్టేషన్లలో టీని అలవాటు చేశాయి. ఉడిపి హోటళ్లు ఇడ్లీ, దోసెలను దక్షిణాదిలోని పట్టణాలన్నిటికీ చేర్చాయి.

అయితే బయటి నుంచి వచ్చిన అలవాటు ఇక్కడి పంటను పట్టుకునే నిలబడింది. కాలువ కింద వరి కోతకు కొద్ది రోజుల ముందు, నిలబడి ఉన్న చేలోనే మినుములు, పెసలు వెదజల్లుతారు. నేలలో మిగిలిన తేమతో, మంచుతో ఆ అపరాలు పండుతాయి. అంటే ఒకే చేలో బియ్యం, దాని వెనకే మినుము. ఇడ్లీకి కావలసినవి ఈ రెండే. పెసరట్టుకు పెసలు అక్కడివే. నది దాటితే గుంటూరు మిరపకాయ. అందుకే ఇడ్లీ మీద కారప్పొడి, నెయ్యి. అట్టు పక్కన అల్లప్పచ్చడి. సాయంత్రం మిరపకాయ బజ్జీ.

బండి నడిపేవారి లెక్కను కూడా తెలుసుకోండి. పొద్దున ఇడ్లీకి, అట్టుకు రుబ్బిన పిండిలో మిగిలినదాన్ని పారేయరు. సాయంత్రానికి అది పులుస్తుంది. దానిలో కొంత బియ్యప్పిండి, ఉల్లి, పచ్చిమిర్చి కలిపి నూనెలో వేస్తే పునుగులు. విజయవాడ పేరు చెబితే పునుగులు గుర్తుకు రావడానికి రుచి ఒక కారణమైతే, పిండి వృథా కానివ్వని ఈ పొదుపు మరో కారణం. ఉలవచారు కథ కూడా ఇటువంటిదే. ఎడ్లకు దాణాగా ఉడకబెట్టిన ఉలవల నీటిని వృథా చేయకుండా చారుగా మార్చుకున్న రైతు వంట అది. ఇప్పుడు నగరంలోని పెద్ద రెస్టారెంట్లు దాన్ని ప్రత్యేక వంటకంగా వడ్డిస్తున్నాయి.

మచిలీపట్నం బందరు లడ్డు మరో రకమైన ఉదాహరణ. ఉత్తరాది నుంచి వలస వచ్చిన బొందిలి కుటుంబాలు దాన్ని తెచ్చాయని స్థానికంగా చెబుతారు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. బయటివారి చేతి వంట వందేళ్లలో ఊరి పేరుతో పిలవబడే స్థితికి వచ్చింది. ‘మన తిండి’ అని మనం గట్టిగా చెప్పుకునేవాటిలో ఎన్నో ప్రయాణాలు దాగి ఉంటాయి.

వంట సాధనాలు కూడా ఈ మార్పులో భాగం. రుబ్బురోలు నుంచి కరెంటు గ్రైండర్‌కు, ఊక పొయ్యి నుంచి గ్యాస్‌కు మారడంతో ఒక కుటుంబం ఒక బండి మీద రోజుకు వందల ప్లేట్లు అమ్మగలుగుతోంది. అయినా తెల్లవారుజామున మూడు గంటలకు లేచి పొయ్యి వెలిగించే చాకిరీలో ఎక్కువ భాగం ఇంటి ఆడవారిదే.

9.6 కూచిపూడి: ఊరు, ఊరి పేరు

సిద్ధేంద్ర యోగి 17వ శతాబ్దిలో భామాకలాపాన్ని రూపొందించి బ్రాహ్మణ బాలురకు నేర్పాడని, గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా భాగవతుల ప్రదర్శన చూసి మెచ్చి వారికి అగ్రహారం ఇచ్చాడని సంప్రదాయం చెబుతుంది. పక్కనే ఉన్న మొవ్వ పదకర్త క్షేత్రయ్య ఊరుగా ప్రసిద్ధం. భూమి, కులం, విద్య మూడూ కలిసి కూచిపూడి కుటుంబాలను ఊళ్లో నిలిపాయి. 20వ శతాబ్ది మధ్య వరకు సత్యభామ వేషం కట్టింది మగవారే. వేదాంతం సత్యనారాయణ శర్మ ఆ సంప్రదాయంలో అగ్రశ్రేణి నటుడు.

పాత పోషకులు తగ్గి, సినిమా పెరిగాక నాట్యాచార్యుల దారి నగరం వైపు మళ్లింది. వేదాంతం రాఘవయ్య 1939 నాటి రైతుబిడ్డ చిత్రంలో నర్తించి, తరువాత మద్రాసులో సినీ దర్శకుడిగా స్థిరపడ్డారు. 1929లో కూచిపూడిలో పుట్టిన వెంపటి చినసత్యం కూడా మద్రాసు చేరి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. అక్కడ ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో నేర్చుకున్నారు. ఊళ్లో ఆడపిల్లలకు దొరకని విద్య నగరంలో ఫీజు కట్టినవారికి దొరికింది. కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రం ఏర్పడి, తరువాత తెలుగు విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోకి వెళ్లింది. ఇప్పుడు ఇతర రాష్ట్రాల నుంచి, విదేశాల నుంచి విద్యార్థులు ఊరికి వస్తారు.

9.2లో చెప్పిన మేళం ప్రయాణాన్ని ఇక్కడ మళ్లీ గుర్తుచేసుకోండి. అప్పట్లో కళాకారుడు ఊరి ఆతిథ్యం మీద ఆధారపడ్డాడు. నగరానికి వెళ్లిన తరువాత అద్దె గది, మెస్ భోజనం, నెలవారీ ఆదాయం మీద ఆధారపడ్డాడు. మొదటి దానిలో భద్రత ఉంది, దానితో పాటు పోషకుడికి లోబడటం ఉంది. రెండో దానిలో స్వేచ్ఛ ఉంది, నెల గడవదేమో అన్న భయం కూడా ఉంది.

9.7 చిన్న ఊరు, నగరం: పోల్చడం ఎలా?

‘పల్లె చల్లన, పట్నం పాపిష్టిది’ అనే ధోరణి మన పాటల్లో, సినిమాల్లో చాలాసార్లు వింటాం. దీనికి వ్యతిరేకంగా ‘ఊళ్లో ఏముంది?’ అనేవారూ ఉన్నారు. చరిత్ర విద్యార్థిగా మీరు ఈ రెండు మాటలనూ ఆధారం అడగాలి. పోలికకు మూడు ప్రశ్నలు ఉపయోగపడతాయి.

మొదటి ప్రశ్న: నన్ను ఎవరు ఎరుగుదురు? ఊరి సెంటర్‌లో టీ కొట్టు యజమానికి మీ ఇంటిపేరు, మీ పొలం, మీ అప్పు అన్నీ తెలుసు. డబ్బు లేకపోతే ఖాతాలో రాసుకుంటాడు. జబ్బు చేస్తే కబురు ఇంటికి చేరుతుంది. అదే ఎరుక వల్ల ఎవరు ఏ గ్లాసులో తాగాలో కూడా అక్కడ అందరికీ తెలుసు. నగరంలో బండి దగ్గర ఎవరూ కులం అడగరు. అప్పు కూడా ఇవ్వరు. నగరంలో గది అద్దెకు అడిగినప్పుడు మాత్రం ఇంటిపేరు, కులం, మాంసం తింటారా అన్న ప్రశ్నలు తిరిగి వస్తాయి. కాబట్టి నగరం కులాన్ని తుడిచేసిందని కూడా చెప్పలేం.

రెండో ప్రశ్న: వంట ఎవరు చేస్తారు? ఊళ్లో బయటి తిండి పొద్దున టిఫిన్‌కు, సాయంత్రం బజ్జీకి పరిమితం. మధ్యాహ్నం, రాత్రి అన్నం ఇంట్లోనే. నగరంలో భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్లే ఇళ్లు, గదుల్లో ఉండే విద్యార్థులు, హాస్టళ్లు పెరిగేకొద్దీ వంట బజారుకు వచ్చింది. విజయవాడలో, హైదరాబాద్‌లో కనిపించే కర్రీ పాయింట్లు ఇందుకు నిదర్శనం. అన్నం గదిలో వండుకుని, కూర, పప్పు, పెరుగు కవర్లో కొనుక్కోవడం తెలుగు నగరాల ప్రత్యేక ఏర్పాటు. హోటల్ భోజనం ఖర్చు భరించలేని, పూర్తి వంటకు తీరిక లేని మధ్యతరగతి దీన్ని నిలబెట్టింది.

మూడో ప్రశ్న: ఖర్చు ఎక్కడ పడుతుంది? ఊళ్లో సొంత ఇల్లు, దొడ్డి కూరలు, తెలిసిన పాడి ఉంటే చేతి ఖర్చు తక్కువ. ఇవేవీ లేని వ్యవసాయ కూలీకి ఊరు చవక కాదు. వేసవిలో కాలువలు కట్టేస్తే పని ఉండదు, నగరానికి వలస తప్పదు. భవన నిర్మాణ కూలీగా విజయవాడ చేరిన మనిషి, పని అడ్డా దగ్గరి బండి మీద తినే ఇడ్లీ అతనికి సరదా కాదు, ఆ పూట భోజనం. అందుచేత ‘బయటి తిండి’ అనే ఒకే మాట వెనుక, వారానికోసారి కుటుంబంతో వెళ్లే రెస్టారెంటూ ఉంది, ఈ కూలీ ఇడ్లీ కూడా ఉంది. వీటిని కలిపి చూస్తే తప్పుడు నిర్ధారణకు వస్తాం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

3. వరి చేలలో మినుము సాగుకూ టిఫిన్ అలవాటుకూ సంబంధం ఏమిటి?
4. ‘ఎరుక’ చిన్న ఊళ్లో రక్షణగానూ బంధనంగానూ ఎలా పనిచేస్తుంది?

9.8 చట్టం, అప్పు, బండి

దారి పక్క అమ్ముకునే వ్యక్తిని చాలాకాలం పాలకులు ఆక్రమణదారుగానే చూశారు. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టం చేసింది. దాని ప్రకారం పట్టణ విక్రయ సంఘాలు ఏర్పాటు చేయాలి. వాటిలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులు, వారిలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. సర్వే పూర్తయ్యేవరకు ఎవరినీ ఖాళీ చేయించరాదు. 2020లో పిఎం స్వనిధి పథకం కింద మొదటి విడతగా 10,000 రూపాయల రుణం ప్రారంభమైంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా గమనించండి. ఈ చట్టం నగరాలు, పట్టణాల స్థానిక సంస్థలను దృష్టిలో పెట్టుకుని చేసినది. విజయవాడ బండికి కాగితం మీద ఉన్న రక్షణ, గ్రామపంచాయతీ పరిధిలో రోడ్డు పక్కన ఉన్న బండికి లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఊరి సెంటర్‌లోని పాక హోటలే ముందుగా పోతుంది. ఊళ్లో పలుకుబడి ఉన్నవారి మాటే అప్పుడు దిక్కు.

అప్పు సంగతి కూడా అంతే. గ్రామాల్లో, పట్టణాల్లో డ్వాక్రా సంఘాలు చాలామంది స్త్రీలకు బండి పెట్టుకోవడానికి పెట్టుబడి ఇచ్చాయి. సంఘం అందనివారు రోజువారీ వడ్డీ వ్యాపారుల దగ్గరికి వెళ్లారు. 2015లో విజయవాడలో బయటపడిన ‘కాల్ మనీ’ వ్యవహారం ఆ వడ్డీ వెనుక ఉన్న దౌర్జన్యాన్ని రాష్ట్రమంతటికీ చూపింది.

ప్రభుత్వమే అన్నం పెట్టే ఏర్పాటు మరో దశ. 2018 జులైలో ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఐదు రూపాయలకు భోజనం అందించే అన్న క్యాంటీన్లు మొదలయ్యాయి. 2019లో మూతపడి, 2024 ఆగస్టు 15న గుడివాడలో తిరిగి ప్రారంభమయ్యాయి. పాత సత్రంతో వీటిని పోల్చి చూడండి. సత్రంలో దాత పుణ్యం కోసం పెట్టాడు, కులం చూసి పెట్టాడు. క్యాంటీన్‌లో పౌరుడు వరుసలో నిలబడి, చిన్న మొత్తమైనా చెల్లించి తింటాడు. అయితే ప్రభుత్వ నిర్ణయం మారితే రెండో రోజుకు తలుపు మూతపడవచ్చు. దానంగా వచ్చినదీ, పథకంగా వచ్చినదీ హక్కుగా మారేవరకు ఆకలికి పూర్తి భరోసా ఉండదు.

9.9 సారాంశం

కృష్ణా డెల్టాలో బయటి తిండి చరిత్ర ఆతిథ్యం, సత్రం, పూటకూళ్ల ఇల్లు, కాఫీ హోటల్, టిఫిన్ బండి, కర్రీ పాయింట్ అనే దశల్లో నడిచింది. ఆనకట్ట పంటను మార్చింది. రైలు బెజవాడను నగరం చేసింది. పంట, రైలు రెండూ కలిసి టిఫిన్‌ను రోజువారీ అలవాటు చేశాయి. తినే చోట సమానత్వం దానంతట అది రాలేదు. రాజ్యాంగం, చట్టాలు, ఉద్యమాలు దాని కోసం పనిచేశాయి, ఆ పని ఇంకా ముగియలేదు. చిన్న ఊరు ఎరుకను, ఆసరాను ఇచ్చింది, హోదాల కట్టుబాటును కూడా కాపాడింది. నగరం అనామకతను, అవకాశాన్ని ఇచ్చింది, ఒంటరితనాన్ని, అద్దె భారాన్ని కూడా ఇచ్చింది. కూచిపూడి నుంచి మద్రాసు వెళ్లిన నాట్యాచార్యుడు, పల్లె నుంచి అడ్డా మీదికి వచ్చిన కూలీ, తెల్లవారుజామున పొయ్యి వెలిగించే స్త్రీ – ఈ ముగ్గురికీ ఊరు, నగరం ఒకే అర్థం ఇవ్వవు.

9.10 ముఖ్య పదాలు

*పూటకూళ్ల ఇల్లు:* పూటకు ఇంత అని డబ్బు తీసుకుని భోజనం పెట్టే ఇల్లు.
*మజిలీ:* ప్రయాణంలో ఆగే చోటు.
*స్వయంపాకం:* వండుకోవడానికి ఇచ్చే బియ్యం, పప్పు మొదలైన సామగ్రి.
*అగ్రహారం:* బ్రాహ్మణులకు పాలకులు దానంగా ఇచ్చిన గ్రామం లేదా భూమి.
*అపరాలు:* మినుము, పెసర, కంది వంటి పప్పుధాన్యాలు.
*అడ్డా:* కూలీలు పని కోసం ఉదయం గుమికూడే చోటు.

9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానం రాయండి.

1. బెజవాడ నగరంగా ఎదగడానికి గల కారణాలను వివరించి, హోటళ్ల ఆవిర్భావంతో వాటి సంబంధాన్ని చర్చించండి.
2. బయట తినే స్థలాల్లో కులవివక్షను, దాన్ని తొలగించేందుకు జరిగిన చట్టపరమైన ప్రయత్నాలను సమీక్షించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానం రాయండి.

3. కూచిపూడి కళాకారుల నగర వలసకు కారణాలు తెలపండి.
4. సత్రం, అన్న క్యాంటీన్ – పోల్చండి.

III. అసైన్‌మెంట్

మీ ఊరి సెంటర్‌లో లేదా మీరుంటున్న వీధిలో కనీసం పదేళ్లుగా టిఫిన్ అమ్ముతున్న ఒకరితో, వారి అనుమతి తీసుకుని మాట్లాడండి. పెట్టుబడి ఎక్కడిది, పిండి ఎవరు రుబ్బుతారు, పదేళ్ల కిందట ఎవరెవరు వచ్చి కూర్చునేవారు, ఇప్పుడు ఎవరు వస్తున్నారు అని అడగండి. వారి పేరు రాయకుండా, వారు చెప్పినదాన్ని ఈ యూనిట్‌లోని ఏదైనా ఒక విభాగంతో పోల్చి నాలుగు పేజీలకు మించకుండా రాయండి. వారి మాట ఈ యూనిట్‌లో చెప్పినదానితో విభేదిస్తే, ఆ తేడాను దాచకుండా రాసి కారణాన్ని చర్చించండి. మాట్లాడటానికి వారికి రద్దీ లేని సమయం చూసుకుని వెళ్లండి.